భామ వేషం కాదు, భామ కావాలి

మగవాడు చీర కట్టి సత్యభామగా రంగం మీదికొస్తే చప్పట్లు కొట్టడం మనకు కొత్తేమీ కాదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషం చూసి ఆడవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. నాటకాల్లో స్థానం నరసింహారావు సంగతి సరేసరి, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇవన్నీ చూపించి ‘మన సంస్కృతి క్వియర్ మనుషుల్ని (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషుల వంటివారిని) ఎప్పుడో ఆదరించింది’ అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నాకైతే ఆ మాట మింగుడుపడదు. మనం ఆదరించింది వేషాన్ని. సవరం తీసి, రంగు కడుక్కుని బయటికొచ్చేటప్పుడు మళ్లీ మగాడిలా నడిచి రావాలన్నది ఆ ఆదరణకు షరతు.

కోనసీమలో నాకు తెలిసిన ఒక కుర్రాడు కూచిపూడి నేర్చుకుంటున్నాడు. ఇరవై దాటాయి. తనకు అబ్బాయిలంటే ఇష్టమని స్నేహితులకు తెలుసు, ఇంట్లో తెలియదు. అందుకే పేరూ ఊరూ రాయడం లేదు. క్లాసు నిండా అమ్మాయిలే, మగపిల్లాడు ఇతనొక్కడే. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కకు వంచి నిలబడి అడుగులు వేస్తుంటే మాస్టారి కర్ర ఉన్నట్టుండి ఆగిపోతుంది. తాళం తప్పి కాదు, మణికట్టు కాస్త మెత్తగా వంగిందని. “తాండవంరా బాబూ, తాండవం! భుజాలు విప్పు!” వార్షికోత్సవం వస్తే శివుడూ, మహిషాసురుడూ ఇతని వంతు. మాస్టారు చెడ్డవారని కాదు, ఫీజు సగమే తీసుకుంటారు. అడుగూ లయా ఆయన చలవే. లోటల్లా అభినయం దగ్గరే.

కూచిపూడి గురువు వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి, ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల సొత్తుగా ఉన్న సత్యభామ అలా ఆడవాళ్ల చేతికొచ్చింది. మంచిదే. కానీ మగపిల్లలకు ఆ తలుపు దాదాపుగా మూసుకుపోయింది.

ఈ కుర్రాడు ఆ అభినయాన్ని వెతుక్కోవాల్సింది కూచిపూడి ఉన్న కృష్ణా జిల్లాలో కాదు, తన చుట్టుపక్కలే. ముమ్మిడివరం, మురమండ, మండపేట వైపు ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల ఇళ్లలో పదాలూ జావళీలూ అనే శృంగార గీతాల్ని కూర్చుని అభినయించేవారు. ఒకే పాదం మళ్లీ మళ్లీ పాడుతుంటే అదే మాటకు కోపం ఒకసారి, ఎత్తిపొడుపు ఒకసారి, బతిమాలుకోవడం ఒకసారి. కాళ్లకు పని లేదు, అంతా కళ్లూ చేతులే. ఆ పదాలు కట్టిన క్షేత్రయ్య మగవాడు, గొంతు నాయికది. పిఠాపురం కుంతీమాధవస్వామి గుళ్లో సత్యభామ కథైన నవజనార్దన పారిజాతం తొమ్మిది రాత్రులు ఆడేవారు. అక్కడ భామ ఆడదే. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. అమ్మాయిల్ని గుడికి అంకితమివ్వడం ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. దాంతోపాటు ఆటా పోయింది, ఆడినవాళ్లకు మచ్చ మాత్రం మిగిలింది. ఒకే సత్యభామ. మగవాడు కడితే శాస్త్రీయం, కలావంతుల అమ్మాయి ఆడితే భోగంమేళం! ఆ ఇళ్ల చుట్టూ తిరిగి నాట్యగురువు నటరాజ రామకృష్ణ వాళ్ల ఆటను ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ నిలబెట్టారు. ఆయన శిష్యుడు కళాకృష్ణ సత్యభామగా పేరు తెచ్చుకున్నారు. అంటే ఈ దారిలో నడిచిన మగవాళ్లు లేకపోలేదు.

ఈ కుర్రాడి ఆలోచన ఇంకో అడుగు ముందుకెళ్లింది. జడ వద్దంటాడు, చీర వద్దంటాడు. పంచె కట్టుకుని, కూర్చుని భామ చేయాలి. ఎంచుకున్న ఘట్టం కూడా మామూలుది కాదు. భామాకలాపంలో సత్యభామ చెలికత్తె మాధవి “నీ మగని పేరేమిటి?” అని అడుగుతుంది. మొగుడి పేరు నోట పలకకూడదాయె, సత్యభామ సిగ్గుతో మెలికలు తిరిగి గుర్తులు మాత్రం చెబుతుంది. ఇక్కడ అందరూ నవ్వులు పండిస్తారు. తన దగ్గర ఇది వేరుగా పలుకుతుందంటాడు. భామ పేరు చెప్పనిది సిగ్గుతో, తను చెప్పలేనిది భయంతో. అతను చేసి చూపించినప్పుడు పెదవి పేరు దాకా వచ్చి ఆగింది, కళ్లు మాత్రం మాధవి భుజం మీదుగా ఇంటి గుమ్మం వైపు పోయాయి. సాహిత్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. కొత్తదనమంటే ప్రొజెక్టరూ పొగా అనుకునేవాళ్లు ఇది చూడాలి.

స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద 2018 సెప్టెంబర్ 6న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులో మొదటి పిటిషనర్ నవతేజ్ సింగ్ జోహర్ కూడా నర్తకుడే, భరతనాట్యం. తీర్పుతో నేరం పోయింది కానీ మా వైపు ‘తేడా’ అనే వెక్కిరింపు పోలేదు. సంక్రాంతికి రికార్డింగ్ డాన్సుకు ఇచ్చినంత తేలిగ్గా ఊరి కమిటీలు ఇతనికి స్టేజీ ఇవ్వవు. అది తర్వాతి సంగతి. ముందు పాఠం చెప్పేవాళ్లు కావాలి. పదాభినయం తెలిసిన పెద్దవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలు వాళ్లను సన్మానానికి పిలిచి శాలువా కప్పి పంపేస్తాయి. డిగ్రీ అడక్కుండా జీతమిచ్చి పాఠం చెప్పించుకోవాలి, ఆ క్లాసులో మగపిల్లల్నీ కూర్చోనివ్వాలి.