గుండెల్లో మంటకు పాలా, పెందలాడే భోజనమా?

తెనాలిలో ఒక ఇల్లు. రాత్రి పదకొండు దాటింది. మామగారు మంచం మీద లేచి కూర్చుని రొమ్ము రుద్దుకుంటున్నారు. పుల్లటి త్రేన్పులు, గొంతు దాకా మంట. పది రోజుల్లో ఇది నాలుగోసారి. అత్తగారు ఫ్రిజ్‌లోంచి చల్లటి పాలు గ్లాసులో పోసి తెస్తున్నారు. కోడలు గుంటూరులో ఫార్మసిస్టు. డ్యూటీ నుంచి వచ్చి తిన్న కంచం ఇంకా సింకులోనే ఉంది. ఆ పాల గ్లాసు దగ్గర మొదలైంది వాదన. నేను కోడలి పక్షమని ముందే చెబుతున్నాను. కానీ అత్తగారు అన్న కొన్ని మాటలకు కోడలి దగ్గర జవాబు లేకపోయింది. వాటినీ ఉన్నవి ఉన్నట్టే రాస్తాను.

కోడలు: ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యా. మామయ్యా, చెమటలేమైనా పడుతున్నాయా? ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగుతోందా? ఆయాసంగా ఉందా?

(ఆయన తల అడ్డంగా ఊపారు.)

కోడలు: పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గుతోందా?

(ఊఁ అన్నారు.)

అత్తయ్య: అయిందా నీ పరీక్ష? మనిషి అల్లాడిపోతుంటే ప్రశ్నలేంటమ్మాయ్? ఇది వట్టి పైత్యం. చల్లటి పాలు నాలుగు గుక్కలు తాగితే చప్పున దిగుతుంది. మా అమ్మ మా నాన్నకి ఇదే ఇచ్చేది.

కోడలు: దిగుతుంది, నేను కాదనను. పావుగంట, అరగంట హాయిగానే ఉంటుంది. కానీ పాలలో ఉన్న ప్రోటీను, కాల్షియం కలిసి పొట్టలో మళ్లీ యాసిడ్ ఊరేలా చేస్తాయి. మొన్న బుధవారం ఏమైందో గుర్తు చేసుకోండి. పదకొండున్నరకు పాలిచ్చారు. ఒంటిగంటన్నరకు ఆయన మళ్లీ లేచి వరండాలో తిరుగుతున్నారు.

అత్తయ్య: అది పాల వల్ల కాదు. పెళ్లింట తిన్న మిర్చి బజ్జీల వల్ల.

కోడలు: బజ్జీలు తిన్నది సాయంత్రం నాలుగింటికి.

అత్తయ్య: సరే, పాలు వద్దు. వాము నమలమంటాను. జీలకర్ర నీళ్లు కాస్తాను. అదీ కాదంటే అతిమధురం వేరు ఉంది, మజ్జిగ ఉంది, తినేసోడా ఉంది. అన్నిటికీ నీ దగ్గర ఏదో ఒక వంక ఉంటుందిలే.

కోడలు: అన్నిటికీ లేదు. మీ పోపులపెట్టె మీద నాకు పగేమీ లేదు. సోంపు నమిలితే నోట్లో లాలాజలం బాగా ఊరుతుంది. లాలాజలానికి యాసిడ్‌ని విరిచే గుణం ఉంది. అది మింగుతుంటే అన్నవాహికకు అంటుకున్న పులుపు కిందికి కడుక్కుపోతుంది. కాబట్టి సోంపు పెట్టండి. జీలకర్ర నీళ్లు గోరువెచ్చగా నాలుగు గుక్కలంటే హాని లేదు. పల్చటి తియ్యమజ్జిగ పడేవాళ్లకు పడుతుంది, పులిసిన మజ్జిగ మంట పెంచుతుంది. పుదీనా నీళ్లు మాత్రం వద్దు. చల్లగా ఉన్నట్టే ఉంటుంది గానీ, పైకి తన్నకుండా ఆపే బిగింపునే అది వదులు చేస్తుంది. ఇక అతిమధురం గొంతుకు హాయిగా ఉండొచ్చు, కానీ రోజూ తీసుకుంటే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. మామయ్యకు అసలే బీపీ. తినేసోడా అంటారా, ఒక టీస్పూనులో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఉప్పు తగ్గించమని పప్పులో సగమే వేస్తారు, రాత్రికి అంత సోడియం గ్లాసులో కలిపి ఇస్తారు!

అత్తయ్య: మరి ఆ పొంగే పొడి పొట్లం? అది ఆయుర్వేదమేగా. దాని మీదే రాసి ఉంటుంది.

కోడలు: ఏమని రాసి ఉంటుందో చదవండి. స్వర్జిక క్షారం, నింబుకామ్లం. మొదటిది సోడా, రెండోది నిమ్మ ఉప్పు. పెళ్లి భోజనం తిన్న రోజున ఒకటి తాగితే నేనేమీ అనను. బీపీ మనిషి వారానికి నాలుగు పొట్లాలు చింపితేనే నాకు భయం.

అత్తయ్య: భయం నాకూ ఉంది. నీ మాత్రల మీద. ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు. బీపీకి వెళ్తే ఒక గ్యాస్ బిళ్ల రాశారు. మోకాళ్లకు వెళ్తే మళ్లీ అదే. పంటి నొప్పికి వెళ్తే అక్కడా అదే. నాలుగేళ్ల నుంచి పొద్దున లేవగానే దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు మింగుతున్నారు. ఎందుకు వేసుకుంటున్నారని ఒక్క డాక్టరు అడిగాడా? ఇక ఆపమని ఒక్కరైనా చెప్పారా? అంతకుముందు రానిటిడిన్ అని ఒకటి వాడాం కదా. లోకమంతా దాదాపు నలభై ఏళ్లు మింగాక, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం తయారవుతోందని 2020లో అమెరికాలో బజారు నుంచి తీయించారని నువ్వే చెప్పావు. నా వాము మీద ఎవరూ కమిషన్ తీసుకోలేదమ్మా. వందల ఏళ్లుగా తింటున్నాం, వెనక్కి పంపమని ఎవరూ అనలేదు.

(ఇది గట్టి దెబ్బ. కౌంటర్‌లో నిలబడి రోజుకు ఎన్ని గ్యాస్ బిళ్లల స్ట్రిప్పులు అమ్ముతుందో కోడలికి తెలుసు.)

కోడలు: ఆ మాట నిజమే అత్తయ్యా. అడ్డదిడ్డంగా రాస్తున్నారు, అడగకుండా అమ్ముతున్నాం. మామయ్య ఇప్పుడు వేసుకునే గ్యాస్ బిళ్ల చెడ్డది కాదు. పొట్టలో పుండు ఉన్నవాళ్లకి, నొప్పి బిళ్లలు తప్పనివాళ్లకి అది ప్రాణం కాపాడుతుంది. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12, మెగ్నీషియం తగ్గుతాయి. పైగా టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాల్సింది. మామయ్య ఇడ్లీ తిన్నాక, కాఫీ తాగుతూ వేసుకుంటారు. సగం పని అక్కడే పోతుంది. అలాగని రేపే ఆపేస్తే, అణచిపెట్టిన యాసిడ్ ఒక్కసారిగా ఎగదన్ని మంట ఇంకా పెరగొచ్చు. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. ఇంకో సంగతి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ కూడా కొందరిలో ఈ మంట పెంచుతుంది. అదీ అడగాలి.

అత్తయ్య: ఇన్ని తెలిసి నాలుగేళ్లు ఎందుకు చెప్పలేదు?

కోడలు: (కాసేపు ఆగి) చెప్పాల్సింది.

అత్తయ్య: మా నాన్నకి అల్సర్ అన్నారు. కారం మానేశాడు, కాఫీ మానేశాడు, ఏడేళ్లు చప్పిడి తిండి. ఏం తగ్గింది?

కోడలు: అప్పట్లో అందరూ అలాగే అనుకున్నారు. కారం, టెన్షన్ వల్లే పుండు పడుతుందని. బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో ఒక బాక్టీరియాని పెంచి తానే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు, పొట్టలో వాపు. చాలా అల్సర్లకు మూలం ఆ పురుగని తేలడానికి అది దారితీసింది. 2005లో ఆయనకీ, ఆయనతో పనిచేసిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. ఇప్పుడైతే తాతయ్యకి ఆ పురుగు ఉందో లేదో పరీక్ష చేసి, ఉంటే రెండు వారాల మందులతో సరిపెట్టేవారు. అందుకే అంటాను, ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకి మీ పోపులపెట్టె చాలు. వారానికి రెండు మూడుసార్లు వస్తుంటే చూపించుకోవాలి. ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా తారులా అయినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

అత్తయ్య: నువ్వు ప్రతిదాన్నీ ఆసుపత్రి దాకా లాగుతావు.

కోడలు: ఎదురింటి మాస్టారిని చూశాక కూడా ఈ మాట అంటారా? రాత్రి తొమ్మిదికి గుండెల్లో పట్టేసినట్టుంటే గ్యాస్ అన్నారు. గోళీసోడా తాగారు. తర్వాత వాము. తర్వాత వేడి నీళ్లు. చెమటలకు బనీను తడిసి ముద్దయింది, అది కూడా గ్యాసే అన్నారు. ఆయనకి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు వచ్చినా నొప్పి గట్టిగా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున గానీ 108కి ఫోన్ చెయ్యలేదు. మనిషి దక్కాడు, కానీ గుండె కండరం సగం పోయింది. రోజూ గుడికి నడిచే మనిషి ఇప్పుడు గేటు దాకా వచ్చి కూర్చుంటున్నారు. ఒక్క ఈసీజీ తీయించి ఉంటే రాత్రే తేలిపోయేదేమో.

అత్తయ్య: ఆ రాత్రి వాము పంపింది నేనే.

(ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మామగారు సోంపు డబ్బా వైపు చెయ్యి చాపితే అత్తగారే మూత తీసి ఇచ్చారు.)

అత్తయ్య: అందుకే ఇందాక నువ్వు చెమటలు పట్టాయా అని అడుగుతుంటే గ్లాసు పట్టుకుని ఆగాను. సరే, ఇది గుండె కాదన్నావు. నీ మందేదో చెప్పు.

కోడలు: బియ్యం బస్తా మూతికి తాడు వదులుగా కట్టి నిలబెట్టారనుకోండి. ఏమీ ఒలకదు. అదే బస్తాని పడుకోబెడితే గింజలు కారిపోతాయి. అన్నవాహిక చివర ఉండే కండరం ఆ తాడు లాంటిది. నిండు పొట్టతో పడుకుంటే లోపలిదంతా పైకి వస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు ఉంటే, లుంగీ బిగించి కడితే ఇంకా ఒత్తుకుంటుంది. అందుకని తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు ఆరంగుళాలు ఎత్తు లేపాలి. దిండు మీద దిండు పెడితే నడుము మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, మంచం కోళ్ల కిందే పెట్టాలి. పడుకునేది ఎడమ పక్కకి. అటు తిరిగితే పొట్టలో యాసిడ్ అన్నవాహిక మూతి కన్నా కిందికి ఉంటుంది. కుడి పక్కకి తిరిగితే తిన్నగా మూతి మీదికే వస్తుంది.

అత్తయ్య: ఇందులో కొత్తేముంది? మా మామగారు దీపాలు పెట్టే వేళకే కంచం ముందు కూర్చునేవాడు. తిని వీధి చివర రావిచెట్టు దాకా నడిచొచ్చేవాడు. శనివారం ఒంటిపొద్దు. లంఖణం పరమౌషధం అని మేము అనుకుంటూనే పెరిగాం. భోంచేసి ఎడమ పక్కకి ఒరగమని మా నాయనమ్మ చెప్పేది. మీ చదువు ఇప్పుడొచ్చి అదే చెబుతోంది.

కోడలు: నేనంటున్నదీ అదే అత్తయ్యా! మన పెద్దవాళ్ల చిట్కాల్లో అన్నిటికన్నా బలమైనది ఆ పెందలాడే భోజనం. దాన్ని మాత్రం వదిలేశాం. వామూ, సోడా, పాలూ పట్టుకున్నాం. మంట రాకుండా చేసేది పోయి, వచ్చాక మింగేది మిగిలింది. తాతయ్య వాము తిన్నాడని చెప్పుకుంటాం, ఏడింటికల్లా కంచం కడిగేసేవాడని చెప్పుకోం. మన ఇంట్లో రాత్రి భోజనం పదింటికి. మామయ్య పడుకునేది పదిన్నరకు.

అత్తయ్య: పదింటికి ఎందుకవుతోందో తెలుసా?

కోడలు: మీ సీరియల్ అయ్యేదాకా పొయ్యి వెలగదు కాబట్టి.

అత్తయ్య: ఎనిమిదిన్నరకే వంటైపోతుంది. నువ్వు గుంటూరు నుంచి వచ్చి స్నానం చేసేసరికి తొమ్మిదిన్నర. మీ ఆయన ఫోను వదిలేసరికి పది. అప్పటిదాకా ఈయన కంచం ముట్టరు.

కోడలు: నా కోసం ఆగమని నేనెప్పుడన్నాను?

అత్తయ్య: ఆగమనలేదు. పోయిన సంక్రాంతికి మీ అమ్మతో అన్నావు. "ఆ ఇంట్లో అందరూ తిన్నాక నేనొక్కదాన్నే చల్లారిన అన్నం తింటాను" అని. ఈయన వసారాలో పేపరు చదువుకుంటూ విన్నారు. ఆ రోజు నుంచి నువ్వొచ్చేదాకా తినడం మానేశారు. నాకూ చెప్పలేదు, మొన్న అడిగితే చెప్పారు.

(కోడలు మామగారి వైపు చూసింది. ఆయన సోంపు నములుతూ గోడ వైపు చూస్తున్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమెకు అది నిజమే. ఆయన ఆగడమూ నిజమే. ఈ మంటకు కారణం వెతుకుతూ బజ్జీల దాకా, మాత్రల దాకా వెళ్లిన కోడలు ఈ కారణం ఊహించలేదు. నేనూ ఊహించలేదు.)

కోడలు: మామయ్యా, ఆ రోజు ఏదో అలసటలో అన్నాను. దానికి మీరు రోజూ రాత్రిళ్లు మంటతో కూర్చుంటారా? రేపటి నుంచి ఏడింటికి తినెయ్యండి. నేను వేడి చేసుకుంటాను.

అత్తయ్య: నువ్వేం వేడి చేసుకోనక్కర్లేదు. ఆయనకి ఏడింటికి వడ్డిస్తాను. నేను నీతో తింటాను. నాకే మంటా లేదు.

కోడలు: మీకూ అరవై దాటాయి అత్తయ్యా. తొమ్మిదిన్నరకు తిని పదిన్నరకు పడుకుంటే మీకూ ఇదే గతి.

అత్తయ్య: నేను పన్నెండింటి దాకా పడుకోనుగా. ఆ ఒక్కటీ నాకు వదిలెయ్. సరే, మంచం ఎంత ఎత్తన్నావు?

కోడలు: ఆరంగుళాలు. తలవైపు కోళ్లకు మాత్రమే.

అత్తయ్య: తులసికోట కట్టగా మిగిలిన ఇటుకలు పెరట్లో ఉన్నాయి. ఒక్కో కోడు కింద రెండేసి పెడితే సరిపోతుంది. వాణ్ణి లేపు, నువ్వూ నేనూ ఎత్తలేం. ఆ పాల గ్లాసు ఇలా తే, వెచ్చబెట్టి తోడేస్తాను.