సింహానికి స్టూలు ఇయ్యమను

మొన్న ఆదివారం మా షోరూమోళ్లు మోటివేషన్ క్లాసు పెట్టిన్రు. నెలకు ఉండేవే రెండు సెలవులు, అండ్ల ఒకటి గిట్ల పాయె. ఎక్కడినుంచో వచ్చిన సారు "మీలో సింహం ఉంది" అనుకుంట రెండు గంటలు చప్పట్లు కొట్టించిండు. పక్కన నిలవడ్డ అక్క మెల్లగ అన్నది: "సింహానికి కూసోనీకి స్టూలన్న ఇయ్యమను తమ్మీ."

నవ్వొచ్చింది గానీ అసలు ముచ్చట అదే. హన్మకొండల మా చీరల సెక్షన్ల పొద్దున పదింటికి నిలవడితే రాత్రి తొమ్మిదింటికే దిగుడు. గిరాకీ లేకున్నా కూసోవద్దు. దుకాణాలల్ల పనిచేసేటోళ్లకు కూసునే హక్కు ఇచ్చుకుంట కేరళ 2018ల, తమిళనాడు 2021ల చట్టం మార్చినయి. మేం ఆ మాట తీస్తే "పనిమీద మనసు లేదు" అంటరు.

జీతం, పనిచేసే జాగ, పైసారు తీరు బాగలేకుంటే మనసు విరుగుతది. బాగున్నంత మాత్రాన హుషారు రాదు, అది పని నుంచి, మెప్పు నుంచి వస్తదని హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు 1959లనే రాసిండు. ఎంబీఏల బట్టీ కొట్టిన ముక్క. (అవును, ఎంబీఏ చదివే చీరలు అమ్ముతున్న.) నర్సంపేట నుంచి ఒకామె మళ్లొచ్చి "పెండ్లి చీరలు చూపెట్టిన పిలగాడేడి?" అని అడిగిన రోజు నాకు కాళ్ల నొప్పి యాదికే రాలే.

మరి పైసలతోని పని కాదా అంటే, నిరుడు దసరాకు ఆ ముచ్చట కూడ చూసినం. ఎవలి టార్గెట్ వాళ్లకు, ఎవలి ఇన్సెంటివ్ వాళ్లకు పెట్టిన్రు. ఇగ చూడాలె, మెట్లెక్కేటోళ్ల చెప్పులు చూసి పట్టుచీర కొంటరా కొనరా లెక్కలేసుడు షురువైంది. పరకాల నుంచి జాకెట్ ముక్క కోసం వచ్చిన అవ్వను ఒక్కలు పలకరియ్యలే. గిరాకీ నాదంటే నాదని ఇద్దరు పిలగాండ్లు కౌంటర్ కాడనే తిట్టుకున్నరు. అంతకుముందు ఒకలు చీర విప్పితే ఇంకొకలు మడతపెట్టేటోళ్లు. గప్పటిసంది ఎవలి కుప్ప వాళ్లదే.

భూపాలపల్లిల మా బావ సింగరేణిల చేస్తడు. 2024 దసరాకు, కంపెనీ పెట్టుబడులకు పక్కన పెట్టంగ మిగిలిన లాభాలల్ల 33 శాతం కార్మికులకు పంచిన్రు. కాంట్రాక్టోళ్లకు కూడ మొదటిసారి ఐదు వేలు ఇచ్చిన్రు. బావ కంపెనీని ఎంత తిట్టినా, ఈసారి బొగ్గు ఎంత తీసిన్రని అడిగితే మాత్రం "తీసినం" అనే చెప్తడు. మా దగ్గర "సేటు అమ్మిండు" అంటరు.

క్లాసు చెప్పిన సారుకు పైసలు అదే రోజు చేతిల పెట్టిన్రట. ఇయ్యాల తొమ్మిదో తారీఖు, మా జీతం ఇంకా పడలే.