ట్రే లేని ఫోన్: అక్కాతమ్ముళ్ల వాదం

తమ్ముడు: నాన్నకి అమెరికా నుంచి ఐఫోన్ తెస్తానంటే వద్దంటావేంటక్కా?

అక్క: ఐఫోన్ వద్దనలేదు. 2022లో 14 మోడల్ వచ్చినప్పటి నుంచి అక్కడ అమ్మేవాటికి సిమ్ ట్రే తీసేశారు, అంతా ఈసిమ్మే. అంటే కార్డు ఉండదు, నంబరు వివరాలు ఫోన్లోని చిప్‌లోకే దించుతారు. నాన్న బ్యాంకు, పెన్షన్, ఆధార్ అన్నీ ఒక్క నంబరు మీదే నడుస్తున్నాయి. ఆ నంబరు ఆయన చేతిలోనే ఉండాలి.

తమ్ముడు: అసలు ఈసిమ్మే భద్రం. బస్టాండులో ఫోన్ కొట్టేసినవాడు ముందు సిమ్ పీకి పారేస్తాడు, ఇక ఫోన్ జాడ వెతకడం కష్టం. లేదంటే ఆ సిమ్ ఇంకో ఫోన్లో వేసి ఓటీపీలు చదువుకుంటాడు. ట్రే లేకపోతే ఈ రెండూ అంత తేలిక కాదు.

అక్క: సిమ్‌కి పిన్ లాక్ పెట్టుకోవచ్చుగా.

తమ్ముడు: నువ్వు పెట్టుకున్నావా?

అక్క: లేదు. దొంగతనం విషయంలో నీ మాటే నిజం. కానీ ఫోన్లు పోవడం కంటే పగలడం ఎక్కువ. మా రిపేర్ షాపులో రోజూ చూస్తాను. స్క్రీన్ నల్లబడిన ఫోన్ తెస్తారు. పిన్నుతో ట్రే లాగి, ఆ గోరంత కార్డుని అడాప్టర్లో బిగించి కీప్యాడ్ ఫోన్లో వేస్తాను. టీ తాగేలోపు నంబరు మళ్లీ పనిచేస్తుంది. అదే ఈసిమ్ అయితే? స్క్రీన్ పోతే బదిలీ చేసే మెనూ తెరవలేం. ఆపరేటర్ స్టోరుకి వెళ్లాలి, ఆధార్ చూపాలి. కొత్త సిమ్ మొదలయ్యాక కూడా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. ఆస్పత్రిలో డబ్బు కట్టాల్సిన రోజున ఓటీపీ రాకపోతే ఎంత టెన్షనో ఆలోచించు.

తమ్ముడు: ఆ 24 గంటల నిబంధన పెట్టింది మోసాలు ఆపడానికే.

అక్క: కాదనను. అయితే కార్డు ఒక ఫోన్లోంచి తీసి ఇంకో ఫోన్లో వేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఈసిమ్ మార్చాలంటే ఫోన్ కంపెనీ, ఆపరేటర్, ఇంటర్నెట్ మూడూ కలిసిరావాలి. నా అభ్యంతరం అంతా దాని మీదే.

తమ్ముడు: హెడ్‌ఫోన్ జాక్ తీసేసినప్పుడూ ఇలాగే గోల చేశావు.

అక్క: అది పాటల గొడవ, ఇది బ్యాంకు గొడవ! అయినా జాక్ తీసేసి ఏం బాగుపడ్డాం? పిన్ను గుచ్చి పెట్టుకునే ఇయర్‌ఫోన్ పోయి, ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంకోటి ఇంట్లో చేరింది.

తమ్ముడు: ట్రే తీసేస్తే బ్యాటరీకి చోటొస్తుంది. 17 ప్రోలో ఈసిమ్ మోడల్‌కి రెండు గంటలు ఎక్కువ వీడియో అంటున్నారు.

అక్క: మరి 14లో? విప్పి చూస్తే ట్రే ఉండాల్సిన చోట ప్లాస్టిక్ ముక్క పెట్టారు. ముందు మన చేతిలోంచి తీసేశారు, బ్యాటరీ మాట తర్వాత వచ్చింది.

తమ్ముడు: సరే, జాక్ సంగతి వదిలెయ్. గోప్యతకి కార్డే మేలంటావేమో, కార్డు తీసినంత మాత్రాన మాయమైపోతావా? సిమ్ లేకపోయినా అత్యవసర కాల్ కోసం ఫోన్ టవర్‌తో మాట్లాడగలదు, ఫోన్‌కుండే గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ కనిపించే అవకాశం ఉంటుంది. పైగా మన దేశంలో కేవైసీ లేకుండా సిమ్మే ఇవ్వరు.

అక్క: ఐఎంఈఐ గురించి నువ్వన్నది నిజమే, ఎదురు చెప్పను. కానీ కార్డు బల్ల మీద ఉంటే నా నంబరు ఆ ఫోన్లో లేదని కంటితో చూస్తాను. ఈసిమ్ ‘ఆఫ్’ అంటే స్క్రీన్ మీద ఒక బటన్, దాన్ని నమ్మాల్సిందే. ఇంకో సంగతి. ఆపరేటర్ మనిషినంటూ ఫోన్ చేసి, లింక్ పంపి, ఈసిమ్‌కి ఒప్పిస్తున్నారని 2025లో కేంద్ర సైబర్ నేరాల విభాగం హెచ్చరించింది. నొక్కితే చేతిలో ఉన్న సిమ్ చచ్చిపోతుంది, ఓటీపీలు వాళ్ల ఫోన్‌కి పోతాయి.

తమ్ముడు: అది మోసగాడి తప్పు. డూప్లికేట్ సిమ్ తీసి దోచుకోవడం ఎప్పటినుంచో ఉంది.

అక్క: ఉంది. కానీ అప్పుడు వాడు స్టోరుదాకా వెళ్లి దొంగ కాగితాలు చూపాలి. ఇప్పుడు ఊళ్లో కూర్చున్న నాన్న చేతే నొక్కిస్తే చాలు. ఈసిమ్ ఉండకూడదని నేననట్లేదు, ట్రే కూడా ఉంచమంటున్నాను.

తమ్ముడు: అయితే ఇక్కడే 17 కొనాలా? అమెరికా కంటే ధర ఎక్కువ.

అక్క: తేడా నేను పెడతాను. ఇక్కడి 17లో ఒక కార్డు, ఒక ఈసిమ్ రెండూ పడతాయి. ఐఫోన్ ఎయిర్ మాత్రం తీసుకోకు, దానికి ఇక్కడ కూడా ట్రే లేదు.