తగలబెట్టి చూడాలి, చూసింది బయటపెట్టాలి

పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ విచారణ కమిటీ వేస్తారు, పరిహారం ప్రకటిస్తారు, కొన్నాళ్లు తనిఖీలు ముమ్మరం చేస్తారు. ఆ హడావుడిలో అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఆ కట్టడంలో వాడిన సామగ్రిని ముందే ఎవరైనా అసలు పరిమాణంలో తగలబెట్టి చూశారా? చూస్తే ఏం తేలింది? నిప్పు ఎలా పాకుతుంది, పొగ ఎటు మళ్లుతుంది, నీళ్లు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నవి ప్రయోగాల్లో తేలాల్సిన సంగతులు. ఆ ప్రయోగాలకు డబ్బు, జాగా, ఓపిక కావాలి. మూడింటికీ కరవే. ప్రాణాలు ఆధారపడిన ప్రతి నిబంధనా కాల్చి కొలిచిన లెక్క మీద నిలబడాలని, ఆ లెక్క అందరికీ అందుబాటులో ఉండాలని ఈ పత్రిక గట్టిగా కోరుతోంది.

నీళ్లు పోస్తే మంట ఆరుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఎలా ఆరుతుందో చూస్తే మాత్రం విషయం ఎంత చిక్కుముడో అర్థమవుతుంది. లీటరు నీరు మామూలు చల్లదనం నుంచి మరిగే స్థితికి రావడానికి పట్టే వేడికి దాదాపు ఏడు రెట్లు, ఆ మరిగే నీరు ఆవిరి కావడానికి పడుతుంది. అంటే మంట మీద పోసిన నీరు ఆవిరి కాకుండా నేల మీదుగా పారిపోతే, అది చేయాల్సిన పనిలో చాలా భాగం చేయనట్టే. ఆవిరైతే 1,600 రెట్లకు పైగా విస్తరించి మంట చుట్టూ ఉన్న గాలిని కూడా పక్కకు నెడుతుంది. ఒక మిల్లీమీటరు చుక్కను అందులో పదో వంతు చుక్కలుగా చీలిస్తే వెయ్యి చుక్కలవుతాయి. వేడిని పీల్చే ఉపరితలం మొత్తంగా పది రెట్లవుతుంది. ఓజోన్ పొరకు చేటు తెస్తున్నాయని, మంటలార్పడానికి వాడే హాలన్ వాయువుల ఉత్పత్తిని సంపన్న దేశాలు 1994 నాటికి ఆపేశాక, వాటి బదులు ఏం వాడాలన్న వెతుకులాటలో సన్నటి నీటి తుంపర మీద పరిశోధన ఊపందుకున్నది ఈ లెక్కతోనే.

అలాగని చుక్కను ఇష్టమొచ్చినంత సన్నం చేసుకుంటూ పోవడం కుదరదు. మంట మీది నుంచి ఎగసే వేడిగాలి సన్నటి తుంపరను తనతో పాటు పైకి ఎత్తుకుపోతుంది. మంట మొదలుకు అది చేరనే చేరదు. లావు చుక్క చేరుతుంది గానీ పూర్తిగా ఆవిరి కాదు. బాగా కాలిన లోహం మీద పడితే ఇంకో తంటా. చుక్క కింద పలుచటి ఆవిరి పొర ఏర్పడి, నీరు లోహాన్ని తాకకుండా తేలుతుంది. కాలిన పెనం మీద చుక్క చిందులు వేయడం ఇదే. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లోనే దీన్ని వివరంగా రాసిపెట్టాడు. ఇన్నేళ్ల తర్వాతా మంటలో చిక్కుకున్న ఉక్కు దూలాన్ని, ట్యాంకును చల్లార్చే ప్రయోగాల్లో అదే అడ్డు తగులుతోంది. ఎంత చుక్క, ఎంత పీడనం, ఏ కోణం, ఎంత ఎత్తు నుంచి అన్న ప్రశ్నలకు ఒక్క మంటకు దొరికిన జవాబు ఇంకో మంటకు పనికిరాదు.

కొలవడమూ అంత తేలిక కాదు. పొగ నిండిన గదిలో నేలకు దగ్గరగా వేడిని కొలిచే థర్మోకపుల్ ఒకటి పెట్టారనుకోండి. సన్నటి తీగల కొనన ఉండే చిన్న ముడి అది. పైనున్న మంట వికిరణం సూటిగా తగలడంతో ఆ ముడి చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ వేడెక్కి, లేని వేడిని చూపిస్తుంది. వేడికి దానంతటదే నీరు చిమ్మే స్ప్రింక్లర్ విచ్చుకుని ఒక్క నీటి చుక్క దాని మీద పడితే రీడింగు ఒక్కసారిగా పడిపోతుంది. గది ఇంకా మండుతున్నా గ్రాఫులో మంట ఆరినట్టే కనిపిస్తుంది. ఆ గ్రాఫును నమ్మి నిబంధన రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ముడికి తొడుగులు తొడిగి, గాలిని గొట్టంలోకి లాగి కొలుస్తారు. మంట బలం తేల్చడానికైతే పొగనంతా గొడుగు లాంటి పెద్ద కప్పు కింద పట్టి, అందులో ఆక్సిజన్ ఎంత తగ్గిందో లెక్కగడతారు. కిలో ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 13.1 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. కలపైనా ప్లాస్టిక్కైనా ఈ అంకె పెద్దగా మారదు. ఓర్పుగా ఇలాంటి పని చేసేవాళ్ల పేర్లు ఎక్కడా వినిపించవు. వాళ్ల పట్ల మాకు ఎంతో గౌరవం ఉంది.

కంప్యూటర్లుండగా ఇంకా తగలబెట్టడం ఎందుకని కొందరు అడుగుతున్నారు. లండన్‌లోని కింగ్స్ క్రాస్ భూగర్భ రైల్వే స్టేషన్‌లో 1987లో 31 మందిని బలిగొన్న మంటను తీసుకోండి. ఎస్కలేటర్ వాలులో మంటలు పైకి లేవకుండా మెట్లకు ఆనుకుని పాకి, ఉన్నట్టుండి టికెట్ హాలులోకి ఎగదన్నాయని కంప్యూటర్ నమూనా చెప్పింది. అనుభవజ్ఞులు నమ్మలేదు. మూడో వంతు పరిమాణంలో నమూనా కట్టి కాల్చాక, నిజంగానే అలా జరుగుతుందని తేలింది. కంప్యూటర్ గెలిచిన సందర్భమే ఇది. ఆ గెలుపును నమ్మదగిందిగా చేసింది మాత్రం ప్రయోగమే. సుడులు తిరిగే గాలిని, నీటి చుక్కలను, కాలుతూ కరిగే ప్లాస్టిక్‌ను ఒకే లెక్కలో ఇమిడ్చే నమూనా ఏదైనా, పక్కన పెట్టి పోల్చడానికి అసలు మంట కావాలి.

2003లో నార్వేలోని రూనెహమార్ సొరంగంలో చేసిన పరీక్షలు ఇంకా బలమైన ఉదాహరణ. లారీ తగలబడితే మంట బలం 20, 30 మెగావాట్లు దాటదన్నట్టుగా అప్పటిదాకా సొరంగాల డిజైన్లు సాగేవి. చెక్క ప్యాలెట్లు, ప్లాస్టిక్ లాంటి మామూలు సరుకుతో నింపిన లారీ లోడును కాలిస్తే 202 మెగావాట్లు వచ్చింది. పెట్రోలు లేదు, రసాయనాలు లేవు. అంతకు నాలుగేళ్ల ముందు ఫ్రాన్స్, ఇటలీలను కలిపే మాంట్ బ్లాంక్ సొరంగంలో 39 మంది చనిపోయినప్పుడు మొదట అంటుకున్న లారీలో ఉన్నవి పిండి, మార్గరిన్. ఫ్యాన్లు, స్ప్రింక్లర్లు, తప్పించుకునే దారులు అన్నీ ఆ తక్కువ అంచనా మీద కట్టినవేనని తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు లిథియం బ్యాటరీల వంతు. లోపలి పదార్థాలే వేడికి విడిపోయి వేడిని, మండే వాయువులను పుట్టిస్తాయి. వాయువుతో గాలి అందకుండా చేసి పైకి కనిపించే మంటను ఆపినా, ఒక సెల్ వేడి పక్క సెల్‌కు పాకుతూనే ఉంటుంది. పోగైన వాయువులు పేలొచ్చు. ఆరిందనుకున్న బ్యాటరీ రోజుల తర్వాత మళ్లీ అంటుకున్న సందర్భాలున్నాయి. అసలు కావాల్సింది లోపలిదాకా చల్లార్చడం. గట్టి పెట్టె లోపలికి నీటిని ఎలా చేర్చాలి, ఎంతసేపు పోయాలి అన్నవి ఇంకా ప్రయోగాల దశలో ఉన్న ప్రశ్నలు. బ్యాటరీ గిడ్డంగులు మాత్రం ఆ జవాబుల కోసం ఆగకుండా లేస్తున్నాయి.

అన్నిటికన్నా బాధించేది, ప్రయోగం చేసి కూడా ఫలితాన్ని బీరువాలో పెట్టడం. బ్రిటన్‌లో 2001లో ప్రభుత్వమే చేయించిన పెద్ద పరీక్షలో భవనాల గోడలకు బయట తొడిగే, లోపల పాలిథిలీన్ ప్లాస్టిక్ నింపిన అల్యూమినియం పలకలు భీకరంగా మండాయి. ఆ ఫలితాన్ని ప్రచురించలేదు, నిబంధనలు బిగించలేదు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనాన్ని అలాంటి పలకలే చుట్టుముట్టి 72 మందిని పొట్టన పెట్టుకున్నాయి. విచారణ సంఘం 2024 నాటి తుది నివేదికలో ఈ వైనమంతా ఉంది. ఫెయిలైన పరీక్షను వ్యాపార రహస్యమనడం మాకు ఏమాత్రం సమ్మతం కాదు. పలకను తయారుచేసే పద్ధతి రహస్యం కావొచ్చు. అది ఎన్ని నిమిషాల్లో మండిందన్నది ఆ ఇంట్లో పడుకునేవాళ్లకు తెలియాల్సిన విషయం.

పెద్ద పరీక్షలు ఖరీదైనవే, పొగా వస్తుంది. పొగను శుద్ధి చేసి వదిలే ప్రయోగశాలలు ఉన్నాయి. ఖర్చు విషయానికొస్తే, బీమా సంస్థలు, తయారీదారులు, ప్రభుత్వాలు కలిసి ఒక నిధి పెడితే స్వతంత్ర ప్రయోగశాలలు నడుస్తాయి. పరీక్ష చేయించుకునే కంపెనీయే తనకు నచ్చిన ప్రయోగశాలను, అనుకూలమైన అమరికను ఎంచుకునే పద్ధతి పోవాలి. కొత్త గోడ పలకకైనా, బ్యాటరీ గిడ్డంగికైనా అనుమతి ఇచ్చే ముందు అసలు పరిమాణంలో పరీక్ష జరగాలి. థర్మోకపుల్ రీడింగులు, వీడియోలతో సహా ఆ ఫలితాలు ఎవరైనా తెరిచి చూసుకునే రిజిస్టరులో చేరాలి. ఇప్పటికే బీరువాల్లో ఉన్న ఫెయిలైన పరీక్షల నివేదికలను ముందుగా అందులో పెట్టాలి.