శిరస్త్రాణం తొడగని వీరుడు: 'క్యాషాన్'ను మళ్లీ చూస్తే

1973 అక్టోబరులో జపాన్‌లోని ఫుజీ టీవీలో మొదలై 35 భాగాలుగా సాగిన ఒక యానిమేషన్ ధారావాహికకు ఆరంభంలో ఒక వ్యాఖ్యానం వినిపించేది. ఉన్న ఒక్క ప్రాణాన్నీ వదులుకొని, చావులేని దేహంతో మళ్లీ పుట్టి, ఇనుప రాక్షసులను పగలగొట్టడానికి బయలుదేరిన ఒక యువకుడిని గంభీరమైన గొంతు పరిచయం చేసి, క్యాషాన్ చేయకపోతే ఇంకెవరు చేస్తారని అడిగేది. అడగడమే గానీ అందులో సందేహం ఏమీ లేదు. జవాబు అడిగేవాడికీ తెలుసు, టీవీ ముందు కూర్చున్న పిల్లలకూ తెలుసు. సరిగ్గా 31వ ఏట, 2004 ఏప్రిల్ 24న విడుదలైన 'క్యాషాన్' చలనచిత్రం మాత్రం ఆ మాటను నిజమైన ప్రశ్నగానే తీసుకుంది. చేయాల్సింది అతడేనా? చేసే అర్హత అతడికి ఎక్కడి నుంచి వచ్చింది? మూలానికి ద్రోహం చేసిందని అభిమానుల చేత తిట్లు తిన్న ఈ చిత్రమే, నా దృష్టిలో, ఆ ధారావాహికను తీసిన తత్సునోకో సంస్థ కథల నుంచి నటులతో తీసిన చిత్రాలన్నింటిలోకీ మూలాన్ని శ్రద్ధగా చదివిన చిత్రం. అలాగని అది లోపాలు లేని చిత్రమేమీ కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

తత్సునోకోను 1962లో యోషిదా సోదరులు ముగ్గురు స్థాపించారు. 1972లో పక్షుల వేషం వేసిన అయిదుగురు వీరుల 'గచ్చామన్'తో పేరు తెచ్చుకున్న ఆ సంస్థ, మరుసటి ఏడాదే అంతకంటే చీకటి కథను పిల్లల ముందు పెట్టింది. కాలుష్యాన్ని తొలగించడానికి డాక్టర్ అజుమా తయారుచేసిన రోబో మీద పిడుగు పడుతుంది. దానికి సొంత బుద్ధి పుట్టి, కాలుష్యానికి మూలం మనిషే కాబట్టి తొలగించాల్సింది మనిషినే అన్న నిర్ణయానికి వస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి డాక్టర్ కొడుకు టెట్సుయా తనను యంత్రమానవుడిగా మార్చమని తండ్రిని తానే కోరతాడు. అలా మారినవాడే క్యాషాన్; ఒకసారి మారితే మళ్లీ మనిషిగా మారలేడు. చనిపోయిన పెంపుడు కుక్క రోబో కుక్కగా అతడి వెంట నడుస్తుంది, తల్లి మనసు ఒక యంత్రపు హంసలో దాగి ఉంటుంది. పిల్లల కార్యక్రమానికి ఇది బరువైన సరుకే. కాపాడబడిన జనమే ఆ కుర్రవాడు మనిషి కాదని తెలిసి దూరం జరిగే సన్నివేశాలు అందులో ఉన్నాయంటే ఆ బరువు ఎంతటిదో తెలుస్తుంది.

చిత్రానికి దర్శకుడు కజుఆకి కిరియా. ఫొటోగ్రాఫరుగా, పాటల వీడియోల దర్శకుడిగా పేరున్న ఆయనకు ఇది తొలి సినిమా. రచనలో పాలు పంచుకోవడమే కాక ఛాయాగ్రహణం కూడా ఆయనే చేశారు. అప్పటి ఆయన భార్య, జపాన్ అంతటా తిరుగులేని ఆదరణ ఉన్న గాయని ఉతాదా హికారు, చిత్రానికి పాట ఇచ్చారు. సంగీతం షిరో సగిసుది. పోరాట దృశ్యాలకు బొమ్మల ప్రణాళిక గీసింది షింజీ హిగుచి. తర్వాత 2016లో గాడ్జిల్లాను మళ్లీ తెరకెక్కించిన ఇద్దరు దర్శకుల్లో ఆయన ఒకరు. దాదాపు 60 కోట్ల యెన్‌ల ఖర్చుతో, చాలా భాగం గ్రీన్ మ్యాట్ ముందు నటులను నిలబెట్టి, వెనుక లోకాన్నంతా కంప్యూటరులో పుట్టించారు. హాలీవుడ్‌లో కూడా అప్పుడప్పుడే మొదలవుతున్న పద్ధతి అది. ఖర్చుకు రెట్టింపుకు పైగా, 150 కోట్ల యెన్‌లు దాటి వసూళ్లు వచ్చాయి కాబట్టి వ్యాపారపరంగా దీన్ని వైఫల్యం అనడానికి లేదు.

ఇక అసలు మార్పు. కథ చివరి వరకూ చెప్పక తప్పదు; చూడదలచినవారు ఇక్కడ ఆగిపోవచ్చు. చిత్రంలోని లోకంలో యాభయ్యేళ్ల యుద్ధం తర్వాత ఆసియా మహా సమాఖ్య ఐరోపాను ఓడించింది. గెలిచిన దేశం నిండా విషవాయువులు, రోగాలు, ఇంకా అణగని తిరుగుబాట్లు. చూపు మసకబారుతున్న భార్య మిదొరిని కాపాడుకోవాలని డాక్టర్ అజుమా పాడైన అవయవాలను మళ్లీ మొలిపించే కణాల మీద పరిశోధన చేస్తుంటాడు, డబ్బు సైన్యం పెడుతుంది. తండ్రి మీద కోపంతో కొడుకు టెట్సుయా సైన్యంలో చేరతాడు. అక్కడ, పై అధికారి ఆజ్ఞ మీద, ఆయుధం లేని పౌరులను చంపుతాడు. ఆ తర్వాత తానూ చస్తాడు. శవపేటికలో ఇంటికి తిరిగివచ్చిన కొడుకును తండ్రి ఎత్తుకెళ్లి, ప్రయోగశాల కొలనులో ముంచి బతికిస్తాడు.

ఈ ఒక్క మార్పులోనే చిత్రం సారం అంతా ఉంది. ధారావాహికలో టెట్సుయా తన ప్రాణాన్ని తానే ఇచ్చాడు, అందువల్ల అతడి పోరాటానికి ఒక అర్హత ఏర్పడింది. త్యాగం చేసినవాడే ఆయుధం పట్టాలన్నది వీరగాథలన్నింటిలోనూ ఉన్న పాత ఒప్పందం. చిత్రంలో టెట్సుయాను ఎవరూ అడగలేదు. అతడి శరీరాన్ని ముందు దేశం వాడుకుంది, తర్వాత తండ్రి వాడుకున్నాడు. వీరుడు కావడానికి ముందే అతడు హంతకుడు. అలాంటివాడికి చావులేని దేహం దొరికితే అది వరమా, శిక్షను పొడిగించడమా? తండ్రిగా నటించిన అకిరా తెరావో, 1985లో కురొసావా 'రాన్'లో తండ్రిని కోట నుంచి వెళ్లగొట్టే పెద్ద కొడుకుగా కనిపించినవాడు. ఇక్కడ కొడుకును చివరిదాకా వదలని తండ్రిగా, మాట తక్కువగా, కళ్లు ఎక్కడో పెట్టుకొని నటించాడు. ఆ నటనలో ప్రేమకూ మొండితనానికీ తేడా తెలియకుండా పోతుంది.

చిత్రంలో నాకు అన్నింటికంటే గుర్తుండిపోయిన దృశ్యం పోరాటం కాదు. ప్రయోగశాలలో పెద్ద కొలను ఉంటుంది, నిండా నెత్తురు రంగు ద్రవం. అందులో సేకరించిన చేతులు, కాళ్లు, మొండేలు. ఆకాశం నుంచి పడిన పిడుగు మెరిసి మాయం కాదు; రాతి స్తంభంలా కొలనులో దిగబడి అలాగే నిలిచిపోతుంది. ద్రవం కదులుతుంది, ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, అంతవరకూ అవయవాలుగా ఉన్నవి మనుషులై, తడిసిన ఒంటితో, ఎటు చూడాలో తెలియని కళ్లతో గట్టుకు పాకివస్తారు. శాస్త్రం సాధించిన అద్భుతం అది. దానికి అధికారులు ఇచ్చిన ప్రతిస్పందన కాల్చమన్న ఆజ్ఞ. పుట్టిన కొద్దిసేపటికే వారంతా గుట్టలుగా పడిపోతారు. తప్పించుకున్న కొద్దిమంది మంచు కొండల మీదుగా నడుస్తూ, దారిలో ఒక్కొక్కరే రాలిపోగా, పాడుబడిన కోట ఒకటి చేరుకుంటారు. అక్కడ వారి నాయకుడు బురాయ్ మానవజాతి మీద యుద్ధం ప్రకటిస్తాడు. తొషిఆకి కరసావా పోషించిన ఆ ప్రతినాయకుడి ప్రసంగం వింటున్నప్పుడు, కాదనడానికి మన దగ్గర మాట దొరకదు.

చివర్లో తెలిసే నిజం ఇంకా చేదు. వారు కొత్త జాతి కారు, ప్రయోగశాలలో పుట్టినవారూ కారు. పరిశోధన కోసం సైన్యం చంపి తెచ్చిన, ఏడో మండలం అనే తిరుగుబాటు ప్రాంతంలోని మనుషులే వారు. కొలను వారిని సృష్టించలేదు, చచ్చినవారిని తిరిగి లేపిందంతే. తామూ మనుషులమేనని తెలియక బురాయ్ మనుషులను చంపాడు. జపాన్ చరిత్ర కొంత తెలిసినవారికి ఇక్కడ 731 దళం గుర్తుకురాక మానదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హార్బిన్ శివార్లలో జపాన్ సైన్యం నడిపిన ఆ కేంద్రంలో చైనీయులు తదితర బందీలను బతికుండగానే ప్రయోగాలకు వాడారు. విముక్తి పేరు చెప్పి ఆసియాను ఏలాలని చూసిన అప్పటి సామ్రాజ్యపు కలనే ఈ చిత్రంలోని మహా సమాఖ్య నెరవేర్చుకున్నట్టు ఉంటుంది. గెలిచి ఉంటే ఏమయ్యేదన్న ఊహకు కిరియా ఇచ్చిన జవాబు, పొగ కమ్మిన ఆ నగరం. విడుదల సమయం కూడా కలిసివచ్చింది. 2004 ఆరంభంలోనే జపాన్ తన ఆత్మరక్షణ దళాలను ఇరాక్‌లోని సమావాకు పంపింది. ఏప్రిల్‌లో ముగ్గురు జపాన్ పౌరులను అక్కడ బందీలుగా పట్టుకొని దళాలను వెనక్కి పిలవాలని షరతు పెట్టారు. వారు విడుదలైన తొమ్మిది రోజులకు చిత్రం థియేటర్లకు వచ్చింది. ఆ ఘటనలకు చాలా ముందే తయారైన కథే అయినా, దూరదేశంలో ఆజ్ఞ మీద కాల్పులు జరిపే యువ సైనికుడు ఆ వారం ప్రేక్షకులకు ఊహాలోకపు మనిషిగా కనిపించి ఉండడు.

లోపాల మాట చెప్పుకోవాలి. 141 నిమిషాల నిడివి ఎక్కువే, అందులో చివరి భాగం మరీ బరువు. కొలను దృశ్యంలో ఒక్క మాట లేకుండా చెప్పినదాన్నే, క్లైమాక్స్‌లో పాత్రలు ఒకరి తర్వాత ఒకరు నిలబడి ప్రసంగాలుగా చెబుతాయి. మనిషి మనిషిని ఎందుకు చంపుతాడు, క్షమించుకోవచ్చు కదా అన్న మాటలు తప్పని కావు. చూపించగలిగినవాడు చెప్పడం మొదలుపెడితే ప్రేక్షకుడికి చులకనైన భావన కలుగుతుంది. రెండో లోపం ఇంతకంటే లోతైనది. పాటల వీడియోల నుంచి వచ్చిన దర్శకుడికి అందంగా లేని ఫ్రేమ్ పెట్టడం చేతకాలేదు. సోవియట్ కాలపు పోస్టర్లను తలపించే నగరం, తుప్పు రంగు ఆకాశం, గాలిలో తేలే బూడిద, శవాల మీద పడే వెలుగు, అన్నీ అందమే. యుద్ధం అసహ్యమని చెప్పే చిత్రంలో యుద్ధం ఇంత కనువిందుగా ఉంటే, కన్ను ఒకటి నమ్ముతుంది, చెవి ఒకటి వింటుంది. వరుసలు కట్టి వచ్చే రోబోల సైన్యంలోకి క్యాషాన్ ఒంటరిగా దూసుకుపోయి, గిటార్ల హోరు మధ్య వాటిని చీల్చే దృశ్యం చూసి థియేటరులో ఈల వేయకుండా ఉండటం కష్టం. ఆ ఈల చిత్రం చెప్పదలచినదానికి వ్యతిరేకం.

నేను మొదట చూసింది అమెరికాలో 2007లో వచ్చిన డీవీడీ ప్రతిని. దానిలో 20 నిమిషాలకు పైగా కత్తిరించారు. ప్రసంగాల బరువు కొంత తగ్గిన మాట నిజమే గానీ, ఎవరు ఎవరి మీద ఎందుకు పగబట్టారో తెలియకుండా పోయింది. పూర్తి ప్రతి చూశాకనే ఈ కథలో ఉపన్యాసాల కింద ఎంత గట్టి నిర్మాణం ఉందో అర్థమైంది.

అభిమానుల ఫిర్యాదులు మాత్రం వేరు. రోబో కుక్క ఏదని అడిగారు. చిత్రంలో అదే పేరుతో మామూలు పెంపుడు కుక్క ఉంటుంది. హంస ఏదన్నారు. అన్నింటికీ మించి, కొమ్ములాంటి అలంకారం ఉన్న తెల్లని శిరస్త్రాణం ఏదన్నారు. ఈ కోపంలో న్యాయం లేకపోలేదు. చిన్నప్పటి బొమ్మకు తల తీసేసి ఇస్తే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ వేషం నిలబెట్టి లోపలి మనిషిని వదిలేస్తే ఏమవుతుందో 2013లో వచ్చిన 'గచ్చామన్' చూపించింది. అయిదుగురి పేర్లున్నాయి, పక్షుల గుర్తులున్నాయి, టోక్యో వీధుల్లో మొదటి పోరాటం బాగానే ఉంది. ఆ తర్వాత కథ ఇద్దరు వీరుల మధ్య ఒక అమ్మాయి జ్ఞాపకంగా కుదించుకుపోయింది. పెద్దగా ఆడలేదు కూడా. 2009లో తకాషీ మీకే తీసిన 'యట్టర్‌మన్' దారి ఇంకొకటి: మూలంలోని అల్లరిని, రంగులను, వారం వారం ఒకే రకంగా ఓడిపోయే దొంగల ముఠాను ఉన్నదున్నట్టు నటులతో ఆడించడం. హాస్య కథ కాబట్టి అక్కడ అది చెల్లింది. క్యాషాన్ కథకు అలా చెల్లేది కాదు.

కిరియా చేసిన పని అపచారం కాదనడానికి తత్సునోకో తర్వాతి అడుగే సాక్ష్యం. 2008లో మొదలైన 24 భాగాల కొత్త యానిమేషన్ ధారావాహిక 'క్యాషాన్ సిన్స్'లో నాయకుడికి గతం గుర్తుండదు. లోకమంతా తుప్పుపట్టి రాలిపోవడానికి కారణం తానేనని, లూనా అనే ఆమెను చంపింది తానేనని అతడికి ఇతరుల నోట తెలుస్తుంది. అపరాధి అయిన వీరుడు, బతకడమే శిక్ష అయిన దేహం: 2004లో ద్రోహం అనిపించుకున్నవే నాలుగేళ్లకు ఆ సంస్థ సొంత ఇంట్లో కథకు మూలస్తంభాలయ్యాయి.

ఇదంతా మనకు పూర్తిగా పరాయి సంగతి కాదు. 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరు నుంచి ఏడాదికి పైగా జపాన్ థియేటర్లలో ఆడింది. ఇటు హైదరాబాద్ స్టూడియోలలో గ్రీన్ మ్యాట్ లేని పెద్ద సినిమా లేదు. 'హను-మాన్' తర్వాత సూపర్ హీరోల వరస కట్టబోతున్నామని దర్శకులు ప్రకటిస్తున్నారు, 'కల్కి 2898 ఏడీ'కి ముందుమాటగా యానిమేషన్ భాగాలు కూడా వచ్చాయి. వీటి గురించి జరిగే చర్చ మాత్రం గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, గద ఎంత పెద్దది, తర్వాతి భాగంలో ఎవరు వస్తారు అన్నదగ్గరే తిరుగుతుంటుంది. శక్తి వచ్చినవాడు అంతకుముందు ఏం చేశాడన్న ప్రశ్న మన కథల్లో ఇంకా గట్టిగా పడలేదు.

పాత ధారావాహికలో పోరాటం మొదలయ్యే ముందు క్యాషాన్ శిరస్త్రాణానికి ఉన్న ముసుగు వచ్చి నోటిని మూసేసేది. ఆ తర్వాత అతడి ముఖంలో కళ్లే మిగిలేవి. భయపడుతున్నాడో ఏడుస్తున్నాడో తెలిసేది కాదు, పిల్లలకు తెలియాల్సిన అవసరమూ లేదు. చిత్రంలో యూసుకే ఇసెయా ఆ శిరస్త్రాణాన్ని ఒక్కసారి కూడా తొడగడు. కండలు పగిలిపోకుండా పట్టి ఉంచే కవచం మెడ దగ్గరే ఆగిపోతుంది. రోబోల మధ్యకు దూకేటప్పుడూ, బురాయ్ ఎదుట నిలబడినప్పుడూ, తండ్రి మీద చేయి ఎత్తేటప్పుడూ అతడి ముఖం తెరచే ఉంటుంది, పెదవి వణకడం కూడా కనిపిస్తుంది.