“ఏం చెయ్యదండీ” అనడం మానేసి కుక్కకి నేర్పండి

వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పులు విప్పుకుంటుంటారు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పామరేనియన్ దూసుకొచ్చి మోకాళ్ల మీదకి ఎగురుతుంది. వాళ్లు గోడ పట్టుకుని బిగుసుకుపోతారు. ఇంటివాళ్లు మాత్రం సోఫాలోంచి లేవకుండానే “ఏం చెయ్యదండీ, ఆడుకుంటోంది అంతే” అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెయ్యాల్సింది అది అప్పటికే చేసేసింది కదా! పట్టుచీర జరీ లాగేసింది, పెద్దావిడ తూలింది, చిన్నపిల్ల జడుసుకుని అమ్మ కొంగు పట్టుకుంది.

ఇదే పని లాబ్రడార్ చేస్తే వారం తిరక్కుండా ట్రైనర్‌ని పిలుస్తారు. నాలుగైదు కిలోల కుక్క చేస్తే మాత్రం ముద్దొస్తుంది. చిన్న కుక్కకైనా గోళ్లుంటాయి. రోడ్డు మీద నడవకుండా టైల్స్ మీదే తిరిగే కుక్కకి గోళ్లు అరగవు, సన్నగా కొక్కెంలా పెరుగుతాయి. చర్మం గీసుకుపోతే, రక్తం రాకపోయినా సరే, సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లమనే రేబిస్ జాగ్రత్తలు చెబుతున్నాయి. మీ కుక్కకి టీకాలన్నీ వేయించారని మీకు తెలుసు. ఆ రాత్రి వాళ్లింట్లో పడే కంగారు మీకు తెలియదు. అందుకే 3, 4 వారాలకోసారి గోళ్లు కత్తిరించడం కూడా ఈ శిక్షణలో భాగమే.

కుక్కకీ నష్టమే. పామరేనియన్లలో మోకాలి చిప్ప పక్కకి జారే జబ్బు బాగా కనిపిస్తుంది. పొడుగు నడుం, పొట్టి కాళ్ల డాక్స్‌హండ్‌ జాతి కుక్కలకి వెన్నులో డిస్కుల బాధ. నున్నటి గచ్చు మీద వెనక కాళ్లతో ఎగిరి, జారి, మళ్లీ ఎగరడం వాటికి ఏమాత్రం మంచిది కాదు.

అసలు ఎందుకు ఎగురుతుంది? కుక్కలు ఒకదాన్నొకటి మూతి దగ్గర వాసన చూసి పలకరించుకుంటాయి. మన మూతి దానికి అయిదడుగుల ఎత్తులో ఉంది. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు అది కాలి మీద ముందు కాళ్లు వేస్తే మనమే మురిసిపోయి ఎత్తుకున్నాం. ఎగిరితే ఎత్తుకుంటారని అది నేర్చుకుంది. ఇప్పుడు చేత్తో తోస్తూ “వద్దు, వద్దురా” అంటే దానికి కుస్తీ ఆటలా ఉంటుంది. తోసినా, అరిచినా, కళ్లలోకి చూసినా దానికి కావల్సింది దొరికినట్టే. ఇంట్లో నలుగురిలో ముగ్గురు పట్టించుకోకుండా, ఒక్క తాతగారు “పర్లేదులే, రా బుజ్జీ” అన్నారంటే నెల రోజుల కష్టం పోయినట్టే. పదిసార్లలో ఒక్కసారి ఫలితం దక్కినా అది తొమ్మిదిసార్లూ ఆశగా ఎగురుతుంది. కాబట్టి మొదటి పాఠం కుక్కకి కాదు, ఇంట్లోవాళ్లకి.

ఇక పద్ధతి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ గానీ పనీర్‌ గానీ శనగబద్దంత ముక్కలు చేసి పెట్టుకోండి. అంతకంటే పెద్దవి వద్దు, అయిదు కిలోల కుక్కకి పొట్ట చిన్నది. ఎంత తినిపించారో అంత మామూలు తిండిలోంచి తగ్గించండి. ఉల్లిపాయ తగిలిన కూర ముక్కలూ, ద్రాక్షా, కిస్‌మిస్‌లూ దగ్గరికి రానివ్వకండి, అవి కుక్కలకి విషం.

మెడ పట్టీ కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ తొడిగి, అయిదారడుగుల తాడు కట్టండి. పామరేనియన్ లాంటి బుల్లి జాతుల్లో గొంతు గొట్టం సున్నితం, మెడ దగ్గర లాగకూడదు. తాడు రెండో కొసని బరువైన సోఫా కాలికి కట్టండి. ఇంట్లోవాళ్లే ఒకరు చుట్టంలా నడిచి రావాలి. కుక్క ముందు కాళ్లు లేచిన క్షణమే మాట్లాడకుండా రెండడుగులు వెనక్కి వెళ్లాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనగానే మళ్లీ ముందుకి. చేరువయ్యాక, అది ఎగరకముందే, ముక్కని దాని ముందు కాళ్ల మధ్య నేల మీద పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ముక్కని నడుము ఎత్తులో పట్టుకుని “కూర్చో, కూర్చో” అంటారు. ముక్క పైనుంటే కుక్క పైకే వస్తుంది. తిండి నేల మీద దొరికితే దాని చూపూ నేల మీదే ఉంటుంది.

ఒక విడతకి 8, 10 సార్లు, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. రోజుకి రెండు విడతలు చాలు. అదే మనిషి బయటికి వెళ్లి కొన్ని క్షణాలు ఆగి మళ్లీ లోపలికి రావడం చాలా బాగా పనిచేస్తుంది. అయిదోసారి వచ్చేసరికి కుక్క ఉత్సాహం సగం తగ్గుతుంది, సరిగ్గా చేసే అవకాశం దానికి దొరుకుతుంది.

ఎగిరింది, మీరు “కూర్చో” అన్నారు, కూర్చుంది, ముక్క ఇచ్చారు అనుకోండి. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఎగిరి కూర్చుంటే తిండి వస్తుందని అది మొత్తం కలిపి నేర్చుకుంటుంది. అలా జరిగితే ఆ దఫా ముక్క ఇవ్వకండి. వెనక్కి వెళ్లి మొదట్నుంచి మొదలుపెట్టండి. ఇంకోటి, పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో అది ఇంకా ఎక్కువ ఎగురుతుంది, అరుస్తుంది కూడా. పాత పద్ధతి ఎందుకు పనిచెయ్యట్లేదో తెలియక గట్టిగా ప్రయత్నిస్తోందన్నమాట. అప్పుడు విసిగి లొంగిపోతే, గట్టిగా ఎగిరితేనే పని అవుతుందని మీరే నేర్పినవాళ్లవుతారు.

కాలింగ్ బెల్‌కి విడిగా పాఠం కావాలి. చాలా కుక్కలకి తలుపు తీసేలోపే పిచ్చెక్కేది ఆ మోతకే. బెల్ మోత ఫోన్‌లో రికార్డ్ చేసి, బాగా తక్కువ సౌండ్‌లో వినిపించి, వెంటనే గుమ్మానికి ఏడెనిమిది అడుగుల దూరంలో వేసిన పరుపు మీద ముక్క వెయ్యండి. కింద రబ్బరున్న పరుపైతే జారదు. సౌండ్ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే కొన్నాళ్లకి మోత వినగానే అదే పరుపు దగ్గరికి పరిగెత్తుతుంది. ఆ తర్వాతే నిజం బెల్, ఆ తర్వాతే తలుపు తీయడం. మొరుగుతోందంటే సౌండ్ తొందరపడి పెంచారని అర్థం.

మోకాలితో గుండెల మీద పొడవమని, వెనక కాలి వేళ్లు తొక్కమని, మొహం మీద నీళ్లు కొట్టమని ఇప్పటికీ సలహాలిస్తుంటారు. దయచేసి వినకండి. మోకాలి దెబ్బకి అంత చిన్న ప్రాణం పక్కటెముక విరగొచ్చు. దెబ్బ తగలకపోయినా, చుట్టం వచ్చినప్పుడల్లా నొప్పో భయమో కలిగితే దానికి చుట్టమే శత్రువు అవుతారు. నిన్నటిదాకా ప్రేమతో ఎగిరిన కుక్క రేపు పళ్లు చూపిస్తుంది.

వచ్చేవాళ్లకి ముందే ఫోన్‌లో చెప్పండి: “అన్నయ్యా, మా కుక్కకి నేర్పుతున్నాం, ఎగిరితే దాన్ని చూడకు, ముట్టుకోకు, కాసేపు పక్కకి తిరిగి నిలబడు.” ఇలా అడగడానికి మొహమాటపడక్కర్లేదు. పిల్లలైతే అరిచి పరిగెత్తుతారు, కుక్కకి అదే ఆట. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడమనండి. దాని మీదకి వంగి తల నిమరొద్దనండి, పిరికి కుక్కపిల్లలైతే అక్కడే ఉచ్చ పోసేస్తాయి. అందుకు తిట్టకూడదు, తిడితే ఇంకా పోస్తాయి. కుక్కంటే భయపడేవాళ్లని, పెద్దవాళ్లని, గర్భిణుల్ని ఈ సాధనకి వాడుకోవద్దు. చనువున్న పక్కింటి వాళ్లు చాలు.

వ్రతమో, పుట్టినరోజో పెట్టుకుని 30 మంది వస్తున్న రోజు శిక్షణ జోలికే పోకండి. పొద్దున్నే అరగంట నడిపించి, మొదటి బెల్ మోగకముందే దాని పరుపు, నీళ్లు, కొరుక్కునే బొమ్మతో గదిలో ఉంచండి. గొడవ చేశాక ఈడ్చుకెళ్లి పడేస్తే ఆ గది దానికి శిక్ష అవుతుంది, ముందే పెడితే మామూలు నిద్ర చోటు. ఆ అలవాటు కూడా ఎవరూ రాని రోజుల్లోనే పది పది నిమిషాలుగా చెయ్యాలి. భోజనాలయ్యాక, కుక్కంటే ఇష్టపడేవాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలి కూర్చున్నప్పుడు, తాడుతో బయటికి తెచ్చి మీ కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకోండి. జేబులో ముక్కలు మాత్రం మర్చిపోవద్దు.