నికర జరిమానా

మా అపార్టుమెంటులో ప్రస్తుతం నాతో మాట్లాడుతున్నది ముగ్గురే. మా ఆవిడ, వాచ్‌మన్, తలుపు మూయమని లిఫ్టులో చెప్పే ఆడగొంతు. ఈ ముగ్గురిలో మా ఆవిడ కూడా అవసరమున్నంత మేరకే.

సంగతి మొన్న ఆదివారం మహిళా దినోత్సవం నాటిది. అంతకు నాలుగు రోజుల ముందు సెల్లార్లో బండి తీస్తుంటే సెక్రటరీ గారు అడ్డం వచ్చి, "సార్, మీది నిజామాబాదే కదా, మన బాక్సర్ నిఖత్ జరీన్ గురించి రెండు ముక్కలు మాట్లాడుండ్రి" అన్నారు. ఊరి పేరెత్తితే నేను మనిషిని కాను. ఒక్క నిఖత్ ఏమిటి, మణిపూర్ బాక్సర్ మేరీ కోమ్‌ని కూడా పక్కన పెట్టి ఇద్దరి రికార్డులూ పోల్చి చెప్తానన్నాను. అక్కడితో ఆగానా? వెనకాల కట్టడానికి ఫ్లెక్సీ కూడా నేనే వేయిస్తానన్నాను. ఎవరడిగారు నన్ను?

శనివారం రాత్రి భోజనాలయ్యాక లెక్కలు తీయడానికి కూర్చున్నాను. నిజం చెప్పేస్తున్నా, నా ఉద్దేశం కొంచెం వంకరదే. ఎలాగోలా మా ఊరమ్మాయిని ఓ మెట్టు పైన నిలబెట్టాలి. కానీ ఆ అంకెలు ఎటు తిప్పి కూడినా మణిపూర్ వైపే ఒరుగుతున్నాయి. మేరీ కోమ్‌వి ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు ఆరు: 2002, 2005, 2006, 2008, 2010, 2018. 2001లో రజతం, 2019లో కాంస్యం కూడా కలిపితే ఎనిమిది పతకాలు. నిఖత్‌వి రెండు స్వర్ణాలు, 2022, 2023. సరే, మావి వరసగా వచ్చాయి కదా అని ఓ పాయింటు రాసుకున్నాను. తీరా చూస్తే ఆవిడవి మొదటి ఐదూ వరసగా వచ్చినవే, మధ్యలో ఒక్క పోటీ కూడా వదల్లేదు. పైగా 2007లో కవల పిల్లల్ని కని, 2008లో చైనా వెళ్ళి స్వర్ణం పట్టుకొచ్చింది. ఆ పాయింటు కొట్టేశాను.

ఒలింపిక్స్ వైపు వెళ్ళాను. ఆడవాళ్ళ బాక్సింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టిందే 2012 లండన్‌లో. అందులోనే మేరీ కోమ్‌కి కాంస్యం. మన అమ్మాయి 2024 పారిస్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడింది. మేరీ కోమ్ కూడా టోక్యోలో ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికొచ్చింది కదా అని సరిపెట్టుకుందామనుకున్నాను గానీ, గెలిచిన చోట కాక ఓడిన చోట సమానమని ఫ్లెక్సీ మీద వేయిస్తే మా ఊళ్ళో నన్ను బస్సు దిగనివ్వరు. చివరికి దొరికింది టర్కీ. 2002లో మేరీ కోమ్ మొదటి ప్రపంచ స్వర్ణం అంతల్యాలో గెలిచింది. అప్పటికి నిఖత్‌కి ఆరేళ్ళు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2011లో, అదే అంతల్యాలో నిఖత్ జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆహా, దీంతో మొదలుపెడితే సభ మనదే అనుకున్నాను. మొదలుపెట్టే దాకా వెళ్తే కదా.

తెలుగు టైపింగ్ నాకు ఒంటివేలి వ్యవహారం. ఒక ‘క్ష’ పడేసరికి టీ చల్లారిపోతుంది. అందుకని ఫోన్లో మైకు బొమ్మ నొక్కి రాసుకున్నదంతా గడగడా చదివేశాను. ఆదివారం ఇడ్లీ కోసం వంటింట్లో గ్రైండర్ తిరుగుతోంది. చదవడం అయిపోగానే ఫ్లెక్సీ షాపు కుర్రాడికి పంపేశాను. మళ్ళీ ఒకసారి చూసుకోవాలన్న ఆలోచన, ఒట్టు, వచ్చింది. అప్పుడే కరెంటు పోయింది.

ఇక సాయంత్రం. టెర్రస్ మీద షామియానా, అద్దె కుర్చీలు, పిల్లల డాన్సులు, ముఖ్య అతిథి గారి నలభై నిమిషాలు. నాకిస్తానన్న పది నిమిషాలు రెండయ్యాయి. అవన్నీ వదిలేయండి. ఫ్లెక్సీ మీద కప్పిన దుప్పటి లాగారు చూడండి, అక్కడికి వద్దాం.

ముందుగా మూడు ఫొటోలు. గుండ్రటి చట్రాల్లో ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ చేతులు జోడించి నవ్వుతున్నారు. ఇవి నేను ఇవ్వలేదు. పోయినసారి వినాయక చవితి ఫ్లెక్సీవి ఆ షాపు కంప్యూటర్లో ఉంటే, మా అపార్టుమెంటు పేరు వినగానే కుర్రాడు భక్తిగా అతికించాడు. మరి బాక్సర్లేరీ? "జాగ సాలలే సార్" అన్నాడు తర్వాత. ఫొటోల కింద ‘ఇద్దరి రికార్డు’ అని శీర్షిక. దాని కింద రెండు నిలువు వరసలు. ఎడమ పక్క ‘మేరీ కోమ్’. బాగానే ఉంది. కుడిపక్క, ఎర్రరంగులో, అంత లావు అక్షరాలతో: ‘నికర జరిమానా’.

నిఖత్ జరీన్ అన్నానండీ నేను. గ్రైండర్ చప్పుడులో ఫోనుకు వినిపించింది ‘నికర జరిమానా’. దానికి తెలిసిన తెలుగు అంతా ఏ కరెంటు బిల్లులోనో నేర్చుకున్నది కాబోలు. మేరీ కోమ్ అసలు పేరు మాంగ్టే చుంగ్‌నెయ్‌జాంగ్. అది చదవబోయి మానేశాను, బతికిపోయాం. లేకపోతే ఆ ఎడమ వరస మీద ఏం పడేదో! ఇంకో సంగతి, నిఖత్ ఇప్పుడు తెలంగాణ పోలీసులో డీఎస్పీ. ఒక డీఎస్పీ పేరును ఎర్రక్షరాల్లో జరిమానా అని అచ్చు వేయించి టెర్రస్ మీద కట్టింది నేను.

అప్పటికీ జనం నవ్వేసి ఊరుకునేవాళ్ళే. కానీ కింద అంకెలున్నాయి. ఏ సంవత్సరం ఏ బరువు విభాగంలో గెలిచారో ఇచ్చాను నేను. ‘కిలోలు’ అన్న మాట ఎనిమిదిసార్లు వచ్చిందని కుర్రాడు ఎనిమిదీ పీకేశాడు. దాంతో నికర జరిమానా కింద ‘2022 – 52’, ‘2023 – 50’ మిగిలాయి.

షామియానా కింద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. రెండో వరసలో 304 ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది, "నికర జరిమానా, యాభై రెండు." వెనకనుంచి ఎవరో, "తర్వాత యాభై చేశారు, రెండు తగ్గించారు" అన్నారు. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అసలు ఆ రెండు ఎందుకు తగ్గిందో చెప్పడానికే కదా నేను వచ్చింది! 2022లో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జుటామస్ జిట్‌పాంగ్ మీద నిఖత్ గెలిచింది 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు, 50 ఉంది. అందుకని రెండు కిలోలు దిగింది. ఒంట్లో అదనంగా ఏమీ లేని మనిషి రెండు కిలోలు దిగడమంటే మాటలు కాదు. దిగి, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో స్వర్ణం, తర్వాత ఢిల్లీలో రెండో ప్రపంచ స్వర్ణం కొట్టింది. ఇదంతా నా చేతిలో కాగితం మీద ఉంది. మైకు మాత్రం ట్రెజరర్ గారి చేతిలో ఉంది.

ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి. ‘నికర’ అన్న మాట కనిపించేసరికి లేచి నిలబడ్డారు. ఫ్లెక్సీ కింది భాగంలో నిఖత్ రెండు ఫైనళ్ళ స్కోర్లు 5–0, 5–0 అని ఉన్నాయి. దాని కింద, ఇద్దరూ తలపడ్డ 2019 డిసెంబరు సెలక్షన్ ట్రయల్స్ స్కోరు 9–1. గెలిచింది మేరీ కోమ్. బౌటు అయ్యాక ఆవిడ చెయ్యి కూడా కలపలేదు. ట్రెజరర్ గారు వేలు పెట్టి చూపిస్తూ, "ఇదేంటండీ, ఐదుగురు కట్టాలి, కట్టినవాళ్ళు సున్నా. ఇక్కడ తొమ్మిది కట్టారు, ఒకటి బాకీ. ఏ ఫ్లోరువండీ ఇవి? నా పుస్తకంలో ఈ ఎంట్రీలే లేవు" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో రాని ఆడిట్ అభ్యంతరం రిటైరయ్యాక ఫ్లెక్సీ మీద వచ్చిందనుకున్నారు పాపం.

ఈలోగా ఎడమ వరస అంటుకుంది. మా 201 ఆవిడ పేరు కూడా ఆ మొదటి రెండక్షరాలే. ఆవిడ నా దగ్గరికొచ్చి, "మేము ఇందులో దిగిందే మూడేళ్ళ కింద. నా పేరు మీద 2002 నుంచి రాశారేంటండీ? 45, 46, 46, 46, 48, 48, ఇదేం లెక్క?" అంది. అవి ఆమె బరువులండీ అన్నాను. తప్పు మాట. "ఎవరి బరువు?" అని వాళ్ళాయన లేచాడు. మేరీ కోమ్ బరువండీ, మీ ఆవిడది కాదు, మీ ఆవిడ 48లో ఎందుకుంటారు అన్నాను. ఈ రెండో వాక్యం ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. మా ఆవిడ మొహం కొంగుతో కప్పుకోవడం మాత్రం కనిపించింది.

ఇక్కడ ఓ చిన్న ఫ్లాష్‌బ్యాక్ తప్పదు. మా అసోసియేషన్‌లో మెయింటెనెన్సు పదో తారీఖు దాటితే వంద రూపాయల జరిమానా. జనవరిలో పదో తారీఖు రెండో శనివారం. బ్యాంకు లేదు, ఆ పూట నా ఫోన్లో నెట్టూ లేదు. పదకొండున కట్టాను. వంద వేశారు. పోయిన నెల మీటింగులో ఆ వంద కోసం గంటంపావు కొట్లాడాను. రూలంటే రూలే అన్నారు. అదే నెలలో ప్రెసిడెంటు గారు ఇరవయ్యో తారీఖున కడితే ఆయన ఊళ్ళో లేడట, అందుకని వదిలేశారు. సరే, నాకెందుకు.

కాబట్టి సెక్రటరీ గారి వైపు నుంచి చూడండి. ఆయన ఫొటో, ఆయన నమస్కారం, దాని కిందే ఎర్రగా ‘నికర జరిమానా’, వేయించింది నేను. ఫోను, గ్రైండర్, కుర్రాడు అని నేనెంత మొత్తుకున్నా ఆయన నమ్ముతాడా? "కోపముంటే మొకం మీద చెప్పాలె సార్. ఆడోళ్ళ పండుగనాడు గిట్ల ఫ్లెక్సీ కొట్టిస్తరా?" అన్నాడు. చెయ్యి చాపాను. ఆయన కలపలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వెళ్ళి, సమోసాల దగ్గర నిలబడ్డాడు. 2019లో మా ఊరమ్మాయికి ఎలా అనిపించిందో నాకు ఆ నిమిషాన అర్థమైంది. కాకపోతే ఆవిడ ఆ తర్వాత రెండుసార్లు ప్రపంచ ఛాంపియనైంది, నాకు సమోసా కూడా అందలేదు.

ఫ్లెక్సీ ఖర్చు అసోసియేషన్ ఇవ్వదట. షాపు కుర్రాడు, "మీరు పంపింది పంపినట్టే కొట్టినం సార్" అంటున్నాడు. కిలోలు పీకిన సంగతి ఎత్తితే ఫోను పెట్టేస్తున్నాడు.

ఆ ఫ్లెక్సీని పారేయడం ఎందుకని వాచ్‌మన్ నిన్న తన గది కిటికీకి ఎండ తగలకుండా కట్టుకున్నాడు. కుడి సగం బయటికి వేలాడుతోంది. గేటులోంచి వచ్చేవాళ్ళకి మొదట కనిపించేది అదే. ఇవాళ పొద్దున 102లో కొత్తగా దిగిన కుర్రాళ్ళు దాన్ని చదువుకుని, వాచ్‌మన్ చేతిలో యాభై రూపాయలు పెట్టి రశీదు అడిగారట. అతను డబ్బు తీసుకున్నాడు. రశీదుకి మాత్రం నా ఫ్లాటు నంబరిచ్చి పంపాడు.